కొక్కెం ఖాళీ అయితేనే ఊ

మా అమ్మమ్మ ఒకప్పుడు క్రేను నడిపింది. ఈ మాట చెబితే ముందు ఎవరూ నమ్మరు. ఇప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేవాలంటే ఇంటిల్లిపాదినీ కేకేసి, అందరూ పరుగెత్తుకొచ్చాక "నాకెవరి సాయం అక్కర్లేదు, పొండి" అంటుంది. అలాంటి మనిషి మబ్బుల పక్కన కూర్చుని మేడలు లేపిందంటే నవ్వు రాక ఏం చేస్తుంది? కానీ నిజం. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇంకా ఎవరికీ అమ్మ కాదు, అమ్మమ్మ అసలే కాదు. ఒక అక్కకి చెల్లెలు, ఒక బావకి మరదలు, అంతే. అయినా ఇక్కడ అమ్మమ్మ అనే చెప్పుకుందాం. పేరు పెట్టి పిలిస్తే ఆవిడ ఈనాటికీ చెవి మెలేస్తుంది.

అక్కాబావల వెంట ఆవిడ ఆ పరాయి దేశం వచ్చింది. ముగ్గురికీ ఒకటే గది, గదికి ఒకటే కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, ఆ గోడ మీద తుప్పుపట్టిన గొట్టం. అక్క ఒక పెద్ద హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసేచోట పనికి కుదిరింది. బావ బస్సులు కడిగే డిపోలో చేరాడు. అమ్మమ్మకి భాష రాదు, దారులు తెలియవు. పాలు తెస్తానని వెళ్ళి తప్పిపోయేది. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పులు పుట్టాక ఏదో ఒక బస్సెక్కి కూర్చుంటే అది చివరికి డిపోకి చేరేది. అక్కడ బావ గొట్టంతో నీళ్ళు కొడుతూ ఎదురయ్యేవాడు.

"బస్సులు కడగమన్నారు గానీ, అందులోంచి మరదళ్ళని కూడా దింపుకోమని చెప్పలేదే నాకు!" అనేవాడు.

ఆ ఊరి ఇళ్ళన్నీ ఒకతల్లి పిల్లల్లా ఉండేవి. వీధులు కూడా అంతే. మనుషులు తలుపు తెరిచి నవ్వేవాళ్ళు, నవ్వి తలుపు వేసేసేవాళ్ళు. "ఈ ఊరు నన్ను మింగదు, ఉమ్మదు, బుగ్గన పెట్టుకుని కూర్చుంది" అని అమ్మమ్మ అక్క దగ్గర ఏడ్చేది.

చివరికి ఒక పెద్ద భవనం కడుతున్నచోట ఊడ్చే పని దొరికింది. మొదటిరోజు పొద్దున్న చీపురు చేతికిచ్చారు, నెత్తిన ఒక హెల్మెట్ పెట్టారు. అది జారి కళ్ళ మీద పడుతుంటే వెనక్కి నెట్టుకోవడానికి తల ఎత్తింది. అంతే, ఎత్తిన తల దిగలేదు.

ఆకాశానికి నిచ్చెన వేయడం అంటారే, ఎవరో నిజంగా వేసేశారు. ఇనుపకడ్డీల నిచ్చెన, పసుపు రంగుది, మబ్బుల్లోకి పోయింది. దాని కొసన అడ్డంగా ఒక చెయ్యి, ఒక వీధి పొడుగు. ఆ చేతికి దారంలాంటి తీగ, తీగకి కొక్కెం, కొక్కేనికి ఒక గోడ. గోడంటే గోడే. కిటికీకి కన్నం వదిలిన మొత్తం గోడ అలా గాలిలో, ఎవరో మంచంలో పడుకోబెట్టబోతున్న పసిబిడ్డలా, ఇంత చప్పుడు లేకుండా తేలుతూ పోతోంది. అమ్మమ్మ నోరు తెరుచుకునే ఉండిపోయింది. నోట్లో దుమ్ము పడింది. అయినా మూయలేదు.

"పైన ఎవరున్నారు?" అని పక్కనున్న మనిషిని సైగలతో అడిగింది.

"ఎవరేమిటి, మనిషే. ఒక ఆడమనిషి" అన్నాడు అతను, ఏదో కూరగాయల ధర చెప్పినట్టు.

ఆడమనిషి! ఆ మాట అమ్మమ్మ గుండెలో దిగబడిపోయింది. ఆ సాయంత్రం గదికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "అక్కా, నేను దాంట్లో ఎక్కుతాను" అంది.

"దేంట్లో?"

చెప్పింది. అక్క ఇస్త్రీకి కాలిన వేళ్ళకి మందు రాసుకుంటూ నమ్మలేనట్టు చూసింది. బావ అయితే మంచం మీద దొర్లి నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఏం మరదలా, పాల దుకాణానికి దారి తెలియదు, నీకు ఆకాశమా?"

"అందుకే బావా. అక్కడినుంచి చూస్తే దారులన్నీ కనిపిస్తాయి" అంది అమ్మమ్మ. ఆవిడ పరిహాసం ఆడలేదు.

పైనుండే ఆవిడ పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకి చాచి నడిచేది. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేది. కర్ర మీద ఒంటరిగా కూర్చునే మనిషి కాబట్టి అమ్మమ్మ ఆవిడకి కొంగమ్మ అని పేరు పెట్టింది. కొంగమ్మకి ఒకటే లోపం. ఒంటరితనం కొద్దీ రేడియోలో ఆగకుండా మాట్లాడేది. తన పిల్లి గురించి, వదిలేసి పోయిన మొగుడి గురించి, మోకాళ్ళ గురించి. కింద మగవాళ్ళు రేడియో గొంతు తగ్గించేసి తమ పని చూసుకునేవాళ్ళు.

కింద నిలబడి కొంగమ్మకి రేడియోలో మాట చెప్పే మనిషి ఒకడుండేవాడు. అతను పని మానేసి పోయాడు. మేస్త్రి, అంటే ఆ పనిచోటంతటికీ పెద్ద, ఎవరి గొంతు గాలిలో కూడా తెగకుండా వినిపిస్తుందో వెతికాడు. అమ్మమ్మ గొంతు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వీధి చివర ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. పైగా ఆ పనికి భాషంతా అక్కర్లేదు. ఎత్తు, దించు, కుడి, ఎడమ, మెల్లగా, ఆపు. ఈ మాటలు చాలు. వీటికో నియమం ఉంది. "దించు, దించు, దించు" అని మాట వినిపిస్తున్నంతసేపూ కొక్కెం దిగుతూ ఉండాలి. గొంతు ఆగిందా, కొక్కెం ఆగిపోవాలి. మాట అనే తాడు తెగితే బరువు అక్కడే నిలబడిపోవాలన్నమాట.

అమ్మమ్మ ఆ పని అద్భుతంగా చేసింది. ఇది నిజంగా పొగడ్తే, ఆవిడ చదివితే మురిసిపోతుంది కాబట్టి ఇంతటితో ఆపేద్దాం. ఎందుకంటే తర్వాత చేసిన ఘనకార్యం వేరే ఉంది.

మనవాళ్ళకి ఒక అలవాటు. ఎదుటివాళ్ళు ఏదైనా చెబుతుంటే ఊ కొడతాం. ఊ అంటే అవునని కాదు, సరేనని కాదు. చెప్పు, వింటున్నాను అని. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి ప్రాణం పోయినట్టుంటుంది. అప్పటికి ఆ భాష కాస్త చెవికి పట్టింది. కొంగమ్మ పిల్లి గురించి మాట్లాడుతుంటే అమ్మమ్మ రేడియో మీట నొక్కి మర్యాదగా ఊ కొట్టడం మొదలుపెట్టింది. కొంగమ్మ జన్మలో అలాంటి సుఖం ఎరగదు. ఆవిడ కథలు ఇంకా పొడుగయ్యాయి.

ఒకరోజు చెక్కల మోపు ఒకటి నేలకి మనిషెత్తులో ఆగింది. దాని కింద మేస్త్రి సైకిలు ఉంది. దాన్ని తప్పించడానికి ఒకతను వెళ్ళి, తాళం వేసి ఉందని చూసి, తాళంచెవి కోసం వెనక్కి వచ్చాడు. అమ్మమ్మ సరిగ్గానే "ఆపు" అంది. కొంగమ్మ సరిగ్గానే ఆపింది. ఆ ఖాళీలో కొంగమ్మ, "రాత్రి మా పిల్లి నా దిండు మీదే పిల్లల్ని పెట్టింది తెలుసా?" అంది.

"ఊ" అంది అమ్మమ్మ.

గొంతు వినిపించింది, దించమంటోంది కాబోలనుకుంది కొంగమ్మ. మోపు ఒక జానెడు దిగింది.

"ఒకటి తెల్లది, తక్కినవి నల్లవి."

"ఊ."

ఇంకో జానెడు.

"నల్లవి వాళ్ళ నాన్న పోలిక. ఆ వెధవ మళ్ళీ కనిపించలేదనుకో."

"ఊ... ఊ..." అమ్మమ్మకి ఆ వెధవ మీద కోపం కూడా వచ్చింది కాబట్టి ఊ కాస్త పొడుగ్గానే పలికింది.

కరకరమని చప్పుడైంది. మేస్త్రి సైకిలు చాపలా నేలకి అంటుకుపోయింది.

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. తాళంచెవి తెచ్చిన మనిషి ఆ చెక్కల అంచు దగ్గరే, అది చేతిలో పట్టుకుని, రక్తం లేని ముఖంతో నిలబడి ఉన్నాడు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే అతను సైకిలు పక్కన ఉండేవాడు. అతన్ని చూశాక నవ్వేవాళ్ళు కూడా ఆగిపోయారు. అమ్మమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది.

మేస్త్రి అరవలేదు. అదే భయం. అమ్మమ్మ చేతిలోంచి రేడియో తీసుకుని, "విన్నానని చెప్పడానికీ, అవునని చెప్పడానికీ తేడా తెలియని మనిషి పైకి ఎక్కుతానని అందరితో చెబుతోందట. బురద కడుగు, పో" అన్నాడు.

గేటు దగ్గర లారీలు బయటికి పోయేముందు వాటి చక్రాల బురద కడిగే పని అది. అమ్మమ్మ గొట్టం పట్టుకుని నీళ్ళు కొట్టేది. "ఇంట్లో ఇద్దరం నీళ్ళగొట్టాల వాళ్ళమే అయ్యాం మరదలా" అన్నాడు బావ. ఆ రోజు మాత్రం ఆవిడ నవ్వలేదు.

ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చింది. ఈ మనుషుల మధ్య పైకి ఎక్కాలంటే ఈ మనుషుల్లాగే అవ్వాలి. ఊ అనే ఆ చప్పుడు గొంతులోంచి పెరికి పారేయాలి. ఒక్క ఊ తోనే ఆగలేదు. తల అడ్డంగా ఊపడం మానేసింది. చేతులు తిప్పుతూ మాట్లాడటం మానేసింది. పళ్ళు కనబడకుండా నవ్వడం అద్దంలో చూసి నేర్చుకుంది. ఆ నవ్వు చూసి బావ, "పంటి నొప్పా?" అని అడిగాడు.

అసలు దెబ్బ అక్కకి తగిలింది. అక్క పగలంతా ఆవిరిలో నోరు మూసుకుని పనిచేసేది. ఆ రోజు చూసినవన్నీ మూటకట్టుకుని తెచ్చి, సాయంత్రం చెల్లెలి ముందు విప్పేది. ఎవరి దుప్పట్లో ఏం దొరికింది, ఎవరు ఎవరితో పోట్లాడారు, అన్నీ. ఇప్పుడు అక్క చెబుతుంటే చెల్లెలు కళ్ళార్పకుండా చూస్తూ పెదాలు బిగించుకుని కూర్చునేది.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"మరి ఊ అనవే?"

"అనకూడదు. అలవాటు పోవాలి."

"నేనేమైనా గోడకి చెప్పుకుంటున్నానా? ఆ గోడే నయం, దానికో గొట్టమైనా ఉంది!" అంది అక్క.

రెండుమూడు సాయంత్రాలు ప్రయత్నించి, తర్వాత అక్క చెప్పడమే మానేసింది. ముగ్గురూ తింటున్నప్పుడు గిన్నెల చప్పుడు తప్ప ఆ గదిలో ఏమీ వినిపించేది కాదు. బావ కూడా ఛలోక్తులు విసరడం తగ్గించాడు. అమ్మమ్మ మాత్రం పంటి బిగువున పట్టు వదల్లేదు. పొద్దున గేటు దగ్గరికి పోగానే తల ఎత్తేది. మబ్బుల్లో ఆ చెయ్యి తిరుగుతూ ఉండేది. బురద చేతులతోనే కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేది.

ఒక మధ్యాహ్నం లారీ వెనకనుంచి ఎవరో కుంటుకుంటూ వచ్చారు. కొంగమ్మ. పని మధ్యలో ఆవిడ దిగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"పిల్లా," అంది రొప్పుతూ, "మోకాళ్ళు చచ్చిపోయాయి నీకోసం. ఆ చప్పుడేంటో చెప్పు నాకు."

"ఏ చప్పుడు?"

"నటించకు. ఆ చప్పుడే."

అమ్మమ్మ అటూ ఇటూ చూసి, ఏదో బూతు చెబుతున్నట్టు మెల్లగా, "ఊ" అంది.

"అదే! ఏంటి దానర్థం? సరేనా?"

"కాదు. నువ్వు చెప్పు, నేనున్నాను అని."

"నాతో ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోకపోయినా అంటాం. తిడుతున్నా అంటాం. నిద్ర వస్తున్నా అంటాం."

కొంగమ్మ గేటు పట్టుకుని పెద్దగా నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగింది. "పైన నేను ఇన్నేళ్ళు మాట్లాడాను పిల్లా. పిల్లి కథ చివరిదాకా విన్నదానివి నువ్వొక్కదానివే. కొత్తవాడు పని బాగా చేస్తాడు. కానీ నా మాట గాలిలోకి పోయి తిరిగి రాదు." తర్వాత ఆవిడ ముఖం గట్టిపడింది. "ఇలా విను. కొక్కేనికి బరువుంటే నీ గొంతులోంచి పనిమాటలే రావాలి. ఊపిరి చప్పుడు కూడా వద్దు. కొక్కెం ఖాళీ అయితే నీ ఇష్టం, ఎంతైనా ఊ కొట్టు. అది మానెయ్యమని ఎవరు చెప్పారు నీకు? ఎక్కడ అనాలో, ఎక్కడ అనకూడదో తెలిస్తే చాలదా?"

అమ్మమ్మ చేతిలో గొట్టం నీళ్ళు పోస్తూనే ఉంది. లారీ చక్రం ఎప్పుడో శుభ్రమైపోయింది. లారీ డ్రైవరు మాత్రం బండి కదపకుండా వింటున్నాడు.

మేస్త్రిని ఒప్పించడం కొంగమ్మ పని అయింది. "మళ్ళీ జరిగితే ఇద్దరూ గేటు బయటే" అన్నాడు మేస్త్రి. జరగలేదు. బరువున్నప్పుడు అమ్మమ్మ పనిమాటలు తూచినట్టు పలికేది. కొక్కెం ఖాళీ అయిన మరుక్షణం రేడియోలో ఊ వినిపించేది. చుట్టుపక్కల పనివాళ్ళకి అదే గుర్తయిపోయింది. ఊ వినిపిస్తే, బరువు దిగింది, ఇక అటు నడవొచ్చు అని అర్థం.

మళ్ళీ రేడియో పట్టిన మొదటిరోజే ఇంటికి వచ్చి అక్క ముందు కూర్చుంది. "చెప్పక్కా."

"ఏం చెప్పను?" అంది అక్క ముఖం తిప్పుకుని.

"ఊ."

అక్క ఇటు తిరిగింది. "ఏం, నోరు వచ్చిందా దొరసానికి?" అంది. తర్వాత కూడబెట్టిన కథలన్నీ కట్ట తెగినట్టు మీద పడ్డాయి. బావ అడ్డం వచ్చి తిండి గురించి అడిగితే, "నువ్వుండు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కొంగమ్మ మోకాళ్ళు రోజురోజుకీ మొండికేస్తున్నాయి. ఆవిడ వారసురాలిగా అమ్మమ్మ పేరే చెప్పింది. మేస్త్రి మొదట వినలేదు, తర్వాత, "ముందు నేను చూడాలి. నా గొంతు విని బరువు దించమను" అన్నాడు. అందులో గెలిస్తే చదువుకి పంపి లైసెన్సు ఇప్పిస్తాడు. ఓడితే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

దానికి ముందు కొంగమ్మ అమ్మమ్మని పైకి తీసుకెళ్ళింది, నేర్పడానికి. మెట్లు నిచ్చెన లోపలే. ఎక్కుతుంటే కింద మాటలు పలచబడిపోయాయి. తర్వాత యంత్రాల మోత, తర్వాత లారీల హారన్లు. చివరికి గాలి ఒక్కటే మిగిలింది. అది చెవి పక్కన కాదు, ఒంటిలోంచి పోతున్నట్టుంది. నాలుగువైపులా అద్దాలున్న చిన్న గది. కింద కూడా అద్దమే. కొంగమ్మ తలుపు వేసి, ఎప్పుడూ మాట్లాడే మనిషి, ఒక్క మాటే అంది.

"చూడు."

అమ్మమ్మ చూసింది. ఆవిడని తిప్పి తిప్పి కొట్టిన వీధులన్నీ అక్కడున్నాయి. ఏదీ ఎక్కడికీ పారిపోవడం లేదు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. పాల దుకాణం, దాని వెనకే, ఒక్క మలుపులో, తమ గది! ఇన్నాళ్ళూ ఊరంతా చుట్టి వచ్చింది దానికోసమా! అక్క పనిచేసే చోట తెల్లటి ఆవిరి పైకి లేస్తోంది. బావ డిపోలో చీమల బారులాగా బస్సులు. అన్నిటికీ అవతల, అక్కడ ఉందని ఎవరూ ఆవిడకి చెప్పలేదు, సముద్రం. నీలంగా, పెద్దగా, అంచు లేకుండా. ఆ ఊళ్ళో సముద్రం ఉందనే తెలియదు అమ్మమ్మకి.

ఆవిడకి ఊ కూడా రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కొంగమ్మ చూసీ చూడనట్టు ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది.

మేస్త్రి పరీక్ష పెట్టిన రోజున నీళ్ళ ట్యాంకు ఒకటి భవనం వెనకవైపు దించాలి. పైనుంచి అది కనబడదు. కొంగమ్మ పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది. మీట అమ్మమ్మ చేతిలో ఉంది. ఆ చిన్న మీటని గోరంత కదిపితే అవతల కొండంత ఇనుము కదులుతోంది. ఆ సంగతి తలుచుకుంటే చెయ్యి ఆగిపోతుందని తలుచుకోలేదు.

"దించు, దించు, దించు, మెల్లగా, మెల్లగా..." రేడియోలో మేస్త్రి గొంతు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

అమ్మమ్మ ఆపింది. ట్యాంకు ఎక్కడుందో, ఎవరి నెత్తి మీద ఉందో తెలియదు. తీగ సన్నగా మూలుగుతోంది.

"అమ్మాయ్," అన్నాడు మేస్త్రి, ఎన్నడూ లేనంత మెత్తగా, "భయంగా ఉందా?"

ఇంత మెత్తగా అడిగితే ఎవరైనా ఊ అంటారు. అది గొంతుదాకా వచ్చింది. మెడ నరాలు లేచేలా దాన్ని పట్టి ఆపింది అమ్మమ్మ. రేడియో మీట నొక్కి, "బరువుంది. పనిమాట చెప్పండి" అంది.

తర్వాత, "దించు, దించు... ఆపు. కూర్చుంది. కొక్కెం విప్పారు." మళ్ళీ కొంచెం ఆగి, "మెడ ఎత్తి ఎత్తి నాకు నడుం పట్టేసింది. అసలు ఈ నడుం పోయినేటి నుంచే" అన్నాడు మేస్త్రి.

"ఊ" అంది అమ్మమ్మ.

ఎవరితోనూ పొడి మాట తప్ప ఎరగని మేస్త్రి తన నడుం కథ మొదలుపెట్టాడు. వైద్యుడేమన్నాడో, పరుపు మార్చినా ఎందుకు తగ్గలేదో, అన్నీ. అమ్మమ్మ ఊ కొడుతూనే ఉంది. కింద జనం పని ఆపుకుని నిలబడ్డారు. కొంగమ్మ నెత్తి కొట్టుకుని, "ఇంక దిగేది లేదు మనం" అంది.

లైసెన్సు వచ్చాక అమ్మమ్మ ఒంటరిగా ఎక్కిన మొదటిరోజు సాయంత్రం, అక్క పనినుంచి నేరుగా వచ్చి కంచె బయట నిలబడింది. అమ్మమ్మ చేయాల్సిన పనులన్నీ చేసి, చివరికి క్రేను చెయ్యి తిరగకుండా పట్టే బ్రేకు వదులు చేసి దిగి వచ్చింది. ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. గాలి లేచింది. పైన ఆ పెద్ద చెయ్యి, తనంతట తానే, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో! లోపల ఎవరున్నారే? తిరుగుతోందే!" అని అక్క చెల్లెలి చెయ్యి పట్టేసుకుంది.

"ఎవరూ లేరక్కా. రాత్రిళ్ళు దాన్ని బిగించకూడదు. గాలి ఎటంటే అటు తిరగనివ్వాలి. బిగిస్తే కూలిపోతుంది."

"ఇంత ఇనుమూనా?"

"ఇంత ఇనుమూనూ."

"పగలంతా దీన్ని నువ్వే తిప్పావా?"

"నేనే. ఇప్పుడు గాలి."

అక్క నోరు తెరుచుకుని, తల వెనక్కి వాల్చి చూస్తోంది. ఆ చెయ్యి మబ్బుల కిందుగా, ఎవరినో వెతుకుతున్నంత నెమ్మదిగా, సముద్రం వైపు తిరుగుతోంది. బస్సు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, కాసేపు చూసి మూసుకున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ ఎక్కలేదు.